విరగడం నేర్చిన పెడల్

కారు డ్రైవరు వైపు తలుపు తీసి, కింద గొంతుక్కూర్చుని, ఫోన్ టార్చి వేసి బ్రేకు పెడల్ పైభాగం చూడండి. డ్యాష్‌బోర్డు కింద చీకట్లో ఇనుప రేకుతో చేసిన బ్రాకెట్ ఒకటి కనిపిస్తుంది. పెడల్ దానికి వేలాడుతూ ఉంటుంది. పెడల్ చేతికి తగిలించిన కడ్డీ ఒకటి ముందుకు పోయి, మన కాళ్లకూ ఇంజనుకూ నడుమ ఉన్న రేకుగోడను దాటి, అవతల ఉన్న బ్రేకు బూస్టరును నెడుతుంది. మనం తొక్కుతాం, కడ్డీ ముందుకు పోతుంది, బండి ఆగుతుంది.

అదే గోడ వెనక్కి వస్తే ఏమవుతుంది? ఎదురుగా వచ్చే లారీని కారు గుద్దినప్పుడు జరిగేది అదే. ముందుభాగం నలిగి ఇంజను వెనక్కి జరుగుతుంది. ఇంజను బూస్టరును తోస్తుంది, బూస్టరు కడ్డీని తోస్తుంది, కడ్డీ పెడల్‌ను మన మీదికి తోస్తుంది. ఆ క్షణంలో డ్రైవరు కుడికాలు ఎక్కడుంటుంది? ఆ పెడల్ మీదే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కుతూ. పిక్క కండరం బిగుసుకుని ఉంటుంది, మడమ నరం తాడులా లాగి ఉంటుంది. ముందు నుంచి పెడల్, వెనక నుంచి ఒంటి బరువు. నడుమ నలిగేది చీలమండ. ఇదంతా సెకనులో పదో వంతు, మహా అయితే అంతకు కాస్త ఎక్కువ సేపట్లో అయిపోతుంది.

ఈ సంగతి ఇంజనీర్లకు తట్టడానికి, తట్టాక పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. పెడల్ పుట్టినప్పుడు దాని ఆకారమే స్థిరంగా లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి బ్రేకు చేతి లీవరుతో పడేది. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జ్‌హైమ్‌కు వెళుతూ, దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు వేయించుకుంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి మూడు పెడళ్లున్నాయి గానీ, ఇప్పటి డ్రైవరును అందులో కూర్చోబెడితే గేటు దాటించలేడు. ఎడమది గేర్లకు, మధ్యది రివర్సుకు, కుడిది బ్రేకుకు. వేగం పెంచడానికి స్టీరింగ్ కింద చేతి మీట ఉండేది. కోటిన్నరకు పైగా అమ్ముడైన కారు అది. అంతమంది కాళ్లు ఆ లెక్కకే అలవాటు పడ్డాయి. కొన్ని కార్లలో ఎక్స్‌లేటర్ మధ్యలో ఉండేది. ఎడమ క్లచ్, మధ్య బ్రేకు, కుడి ఎక్స్‌లేటర్ అన్న వరస 1916 నాటి కాడిలాక్ టైప్ 53తో కుదురుకోవడం మొదలైంది. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ దాన్ని ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చింది.

మనవైపు పెద్దవాళ్లు తొలిసారి కాలు పెట్టినవి జీపు పెడళ్లు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు ఇక్కడ బిగించడం మొదలుపెట్టాక, రాయలసీమలో మెట్టదారికి జీపే బండి అయింది. అందులో క్లచ్చూ బ్రేకూ పైనుంచి వేలాడవు. నేలరేకుకు పెట్టిన కంతల్లోంచి పైకి లేచి ఉంటాయి. హెడ్‌లైటు డిప్పు కొట్టే మీట కూడా నేల మీదే, ఎడమకాలి దగ్గర. ఎదురుగా బండి వస్తే క్లచ్ మీద నుంచి కాలు తీసి దాన్ని నొక్కాలి. గుద్దుకుంటే ఆ ఇనుప కాడలు ఎటు పోతాయన్న ఆలోచన అప్పట్లో ఏ దేశంలోనూ లేదు.

కాలికింది మీట కాలిని విరుస్తుందని మొదట గమనించినవాళ్లు కార్ల డాక్టర్లు కారు, విమానాల డాక్టర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో కూలిన విమానాల నుంచి బతికి బయటపడ్డ పైలట్లకు చీలమండలోని ఒకే ఎముక, టేలస్, మళ్లీ మళ్లీ విరిగి కనిపించింది. విమానాన్ని పక్కకు తిప్పడానికి పైలట్లు అరికాళ్లతో తొక్కే అడ్డకడ్డీ ఒకటి ఉండేది. ముక్కు నేలకు గుద్దుకోగానే ఆ కడ్డీ అరికాలి మధ్య భాగాన్ని పొడిచేది. హెచ్.జి. ఆండర్సన్ అనే బ్రిటిష్ సర్జన్ 1919లో తన పుస్తకంలో ఆ గాయానికి ‘ఏవియేటర్స్ ఆస్ట్రాగలస్’ అని పేరు పెట్టాడు. టేలస్‌కు పాత పేరు ఆస్ట్రాగలస్. కారు పెడల్ చేసే గాయం కూడా ఇలాంటిదే. ఆ పుస్తకం కార్లు చేసేవాళ్ల బల్ల మీదికి చేరి ఉంటే ఎన్ని కాళ్లు నిలిచేవో.

కార్లు చేసేవాళ్లు కాలిని పట్టించుకోకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనలేం. వరస అలా నడిచింది. ముందు ప్రాణం, తర్వాత కాలు. మెర్సిడెస్‌లో పనిచేసిన బేలా బరేన్యి, బండి ముందుభాగం నలిగి దెబ్బను తాగేయాలి, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి అన్నాడు. ఆ ఊహతో కట్టిన కారు 1959లో వచ్చింది. అదే ఏడు వోల్వోలో నిల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టే సీటు బెల్టు తెచ్చాడు. అమెరికా 1968 నుంచి స్టీరింగ్ కాడకు నిబంధన పెట్టింది. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినా స్టీరింగ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదు. బల్లెంలా గుండెలో దిగే కాడ కాబట్టి దాని మీద అంత శ్రద్ధ. దానికి అడుగున్నర కింద ఉన్న పెడల్‌కు అలాంటి కొలత ఎవరూ పెట్టలేదు. తల పగిలి, ఛాతీ నలిగి పోయినవారి చీలమండ ఎలా ఉందో చూసే అవసరం ఎవరికుంటుంది? బెల్టులూ ఎయిర్‌బ్యాగులూ వచ్చి, పోవాల్సిన ప్రాణాలు నిలవడం మొదలయ్యాక, ఎముకల వార్డులు మడమలు చితికిన డ్రైవర్లతో నిండాయి. బతికారు గానీ నడవలేకపోయారు. పాదంలో ఒంటి బరువంతా మోసే చోట ఎముక ముక్కలైతే పూర్వంలా అతకదు. కీలు అరిగిపోతుంది, నొప్పి జన్మంతా ఉంటుంది. ట్యాక్సీ నడిపి బతికేవాడికి అది బతుకుదెరువు పోవడమే.

ఆ వరసలో మొదటి మెట్టైన బెల్టే మన దగ్గర ఇంకా సరిగ్గా ఎక్కలేదు. అందుకే ఈ కథలో నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డు ప్రస్తావన తప్పదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్న అక్కడి అసెంబ్లీ అభ్యర్థి భూమా శోభా నాగిరెడ్డి బండి గూబగుండం మిట్ట దగ్గర పల్టీ కొట్టింది. కె.సి. కాలువ కింద రబీ వరి కోతలయ్యే రోజులు. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ కుప్పలను తప్పించబోయి బండి అదుపు తప్పింది. ఆమె ముందు సీట్లో ఉన్నారని, బెల్టు పెట్టుకోలేదని, బండిలోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారని పత్రికలు రాశాయి. మర్నాడు హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు 45. మే 7న పోలింగు జరిగింది, బ్యాలెట్ మీద ఆమె పేరు అలాగే ఉంది, ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. ఆ ఊళ్లో ఏ ఇంట అడిగినా ఈ సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు.

పెడల్ గురించి చెబుతూ ఈ విషాదం ఎందుకు తెచ్చానంటే, బెల్టు లేని మనిషికి పెడల్ రక్షణ కూడా లేనట్టే. బండి పల్టీ కొడితే బెల్టు లేనివారు బయటికి ఎగిరిపడొచ్చు. ఎదురుగా గుద్దుకుంటే బండి ఆగుతుంది, ఒళ్లు ఆగదు. నడుము సీటు మీద ముందుకు జారి, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలి, ఒంటి బరువంతా పాదం మీదికి వచ్చి పడుతుంది. పెడల్ ఎంత తెలివిగా పక్కకు తప్పుకున్నా అప్పుడు లాభం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద, పోలీసులు కనబడగానే బెల్టు భుజం మీదికి లాక్కుని పట్టుకునే చేతులు ఈనాటికీ ఉన్నాయి. ఆ చేతులను చూస్తే నాకు బాధ కలుగుతుంది, కోపం కూడా వస్తుంది.

ఇక పెడల్ తనంతట తాను తప్పుకోవడం ఎలా నేర్చుకుందో చూద్దాం. ఇంజనీరు ముందున్న చిక్కు చిన్నది కాదు. గొర్రెల మంద అడ్డం వచ్చినప్పుడు డ్రైవరు వంద కిలోల బలంతో బ్రేకు తొక్కొచ్చు. అప్పుడు పెడల్ బ్రాకెట్ వెంట్రుకవాసి కూడా వంగకూడదు. అదే పెడల్ గుద్దుకున్న క్షణంలో చేతులెత్తేయాలి. బలాన్ని బట్టి విరిగేలా చేస్తే, ఎప్పుడో ఒకనాడు గట్టిగా తొక్కినందుకే విరిగే ప్రమాదం ఉంది. అందుకని ఇంజనీర్లు బలాన్ని వదిలి దిశను పట్టుకున్నారు. తొక్కినప్పుడు బలం ముందుకు పోతుంది. గుద్దినప్పుడు గోడ వెనక్కి వస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక గట్టి ఉక్కు దూలం ఉంటుంది, అది గోడంత త్వరగా కదలదు. పెడల్ బ్రాకెట్ గోడతో పాటు వెనక్కి వచ్చి ఆ దూలానికి తగిలేలా చేశారు. తగిలే చోట ఏటవాలుగా ఒక పలక పెట్టారు. బ్రాకెట్ పైభాగం ఆ పలక మీద జారి కిందికి తిరుగుతుంది. దాంతో అడుగున ఉన్న పెడల్ మెట్టు మన కాలి మీదికి రాకుండా ముందుకు, గోడవైపుకు ఊగిపోతుంది.

ఇంకో పద్ధతిలో బ్రాకెట్ రెండు చెంపలూ విచ్చుకుని పెడల్ వేలాడే పిన్ను ఊడిపోతుంది, పెడల్ పట్టు తప్పి వదులైపోతుంది. ఓపెల్ కంపెనీ 2000 తర్వాతి కార్లలో ఇలాంటి ఏర్పాటును ‘పెడల్ రిలీజ్ సిస్టం’ అని పేరు పెట్టి ప్రచారం చేసుకుంది. బూస్టరుకు పోయే కడ్డీ వంగిపోయేలా చేసినవాళ్లూ ఉన్నారు. పాదం ఆనే నేల మీద కార్పెట్ కింద మందపాటి నురుగు పలక పరవడం మరో జాగ్రత్త.

ఇదంతా కార్ల భద్రతకు మార్కులు పెట్టడం మొదలయ్యాకే ఊపందుకుంది. 1995లో అమెరికా బీమా సంస్థల పరిశోధనా కేంద్రం, 1997లో యూరప్‌లో కార్లను పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్, కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా గుద్దించి ఫలితాలు జనానికి చెప్పాయి. సగం ముఖమే తగిలితే దెబ్బంతా డ్రైవరు కాళ్ల వైపే పడుతుంది. యూరో ఎన్‌క్యాప్ లెక్కలో పెడల్ 100 మిల్లీమీటర్ల లోపు వెనక్కి వస్తే ఫరవాలేదు, 200కు చేరితే ఆ పద్దు కింద మార్కులుండవు. మన దేశంలో అమ్మే చిన్నకార్లను గ్లోబల్ ఎన్‌క్యాప్ తొలిసారి గుద్దించి చూసిన ఫలితాలు 2014 జనవరిలో వచ్చాయి. అయిదు కార్లకు అయిదింటికీ సున్నా నక్షత్రాలు. ఆ తర్వాత కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు నుంచి, అన్ని కార్లకు 2019 అక్టోబరు నుంచి 56 కిలోమీటర్ల వేగపు పరీక్ష తప్పనిసరి అయింది. అందులో కారులో కూర్చోబెట్టే బొమ్మమనిషి కాలి ఎముక మీద 8 కిలోన్యూటన్లకు మించి ఒత్తిడి పడకూడదు. మన లెక్కలో అది సుమారు ఎనిమిది క్వింటాళ్ల బరువు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్, ఎదురుదెబ్బ పరీక్షకిచ్చే 16 మార్కుల్లో 4 మోకాలి కింది భాగానికే కేటాయించింది. కారు కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టడంతో ఆగకుండా, నివేదికలో బొమ్మమనిషి కాళ్లకు ఏ రంగు వేశారో చూడండి. ఆకుపచ్చైతే మంచిది, ఎరుపైతే ఆ కాళ్లు మనవే అనుకోవాలి.

పొట్టిగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, క్లచ్ అందక సీటు బాగా ముందుకు జరుపుకుంటారు. వాళ్లకు కాలి గాయాల ముప్పు ఎక్కువని అమెరికా అధ్యయనాలు చెప్పాయి. 

పెడల్ చుట్టూ ఉన్న చోటు కూడా ముఖ్యమే. 1980ల్లో అమెరికాలో ఆడీ 5000 కార్లు వాటంతట అవే దూకుతున్నాయని గోల లేచింది. 1989లో ప్రభుత్వ పరిశోధన తేల్చిందేమిటంటే, చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని ఎక్స్‌లేటర్ తొక్కారని. 2009లో నేల మ్యాట్ ముందుకు జరిగి ఎక్స్‌లేటర్‌ను పట్టేస్తోందని టయోటా లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మన ఎండల్లో ప్రతి కారులోనూ నీళ్ల సీసా ఉంటుంది. అది దొర్లి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంటే కాలు ఎంత తొక్కినా బండి ఆగదు. సీసాను తలుపు అరలో పెట్టుకోవాలి. మ్యాట్ మీద మ్యాట్ వేయకూడదు. వెనక పట్టీ లేని చెప్పు పెడల్ మీద జారుతుంది.

చివరిగా షెడ్డు సంగతి. గుద్దుకున్న కారు రిపేరుకు వచ్చినప్పుడు బానెట్, బంపర్, హెడ్‌లైట్లు అందరి కంటికీ ఆనుతాయి. పెడల్ బ్రాకెట్‌ను వంగి చూసేవారు తక్కువ. అది కొంచెం వంగి ఉంటే సుత్తితో సాపు చేసి, ఊడిన పిన్ను చోట గట్టి బోల్టు బిగించి, పైన వెల్డింగు పెట్టి పంపే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. మెకానిక్ ఉద్దేశం మంచిదే, గట్టిగా ఉండాలని చేస్తాడు. కానీ తప్పుకోవడానికి చేసిన చోట తప్పుకోనివ్వని బోల్టు పడింది. ఆ బ్రాకెట్ ఒకసారి వంగితే దాని పని అయిపోయినట్టే, కొత్తది వేయించాలి. బీమా సర్వేయర్ వచ్చినప్పుడే డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూపించి, అది కూడా అంచనాలో రాయించండి. కొత్త బ్రాకెట్ వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉండనివ్వండి.