ఇసుర్రాయికి కక్కు, గ్రైండింగ్ వీల్‌కి డ్రెస్సింగ్

మన చిత్తూరు పల్లెల్లో రాగులు ఇసిరే ఇసుర్రాయి చూసే ఉంటారు, కనీసం పెరట్లో మూలన పడున్నదైనా. వాడగా వాడగా దాని ముఖం నున్నగా అయిపోతుంది. నున్నటి రాయి గింజను నలగ్గొట్టదు, ఊరికే రుద్దుతుంది. పిండి వేడెక్కుతుంది, బరకగా వస్తుంది. అప్పుడు ఉలి, సుత్తి పట్టుకుని ఊర్లోకి వచ్చేవాళ్లను పిలిచి రాయికి గంట్లు పెట్టించేవాళ్లు. కక్కు కొట్టడం అంటే ఇదే. కొట్టిన వెంటనే ఇసిరిన మొదటి పిండి పారేసేవాళ్లు, రాతిపొడి పంటికి తగుల్తుంది కదా.

ఇప్పుడు మెషిన్ షాపుకి వద్దాం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కరెంటు కొలిమిలో సిలికాన్ కార్బైడ్ తయారుచేసి దానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. అప్పటిదాకా సానరాళ్లకు ఎమెరీ, కొరండం లాంటి సహజంగా దొరికేవే దిక్కు. ఆ తర్వాత చార్లెస్ నార్టన్ వెడల్పాటి వీల్ తిరిగే బరువైన మెషిన్ కట్టాడు. 5 గంటలు పట్టే క్రాంక్‌షాఫ్ట్ పని 15 నిమిషాలకు దిగింది. కార్లు చవకవ్వడానికి అందరూ అసెంబ్లీ లైన్ పేరే చెప్తారు, ఈయన్ని ఎవరూ తలుచుకోరు! మనకు దగ్గర్లో అయితే 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ మొదలైంది.

వీల్ ఎంత మంచిదైనా దానికీ కక్కు కావాలబ్బా. పలుకులు మొద్దుబారితే వీల్ నిగనిగలాడుతుంది, దాన్ని గ్లేజింగ్ అంటారు. లోహం పొడి సందుల్లో ఇరుక్కుంటే లోడింగ్. రెండిట్లోనూ వీల్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడి పీసులోకి దిగుతుంది. ఉక్కు మీద నీలం, గోధుమ మచ్చలొస్తాయి. కొన్నిసార్లు పైకి ఏమీ కనపడదు, లోపల సన్నటి బీట ఉంటుంది. అలాంటి బేరింగ్ బండిలో పడితే తొందరగా పోతుంది.

అందుకే తిరిగే వీల్ మీద వజ్రపు మొన నడిపిస్తారు. ఇదే డ్రెస్సింగ్. అసలు మెలిక ఇక్కడుంది. మొనను వేగంగా నడిపితే వీల్ గరుకవుతుంది, బాగా కోస్తుంది, కానీ పీసు మీద గీతలు పడతాయి. నెమ్మదిగా నడిపితే పీసు అద్దంలా వస్తుంది, కానీ వీల్ త్వరగా మొద్దుబారి కాలుస్తుంది. కాబట్టి ముందు గరుకు డ్రెస్సింగుతో ఎక్కువ లోహం తీసేసి, చివరి పాస్‌కి సన్న డ్రెస్సింగ్ పెడతారు. డ్రెస్ చేసిన వెంటనే వదులు పలుకులు కొన్ని రాలతాయి, మన మొదటి పిండి లాగే.

ఇప్పుడు సీఎన్‌సీలో ఇన్ని పీసులకొకసారి డ్రెస్సింగ్ అని ప్రోగ్రాంలో రాసేస్తారు. ఆ నంబరు ఎంతో తేల్చడానికి మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు పీసును వెలుతుర్లో తిప్పి చూడాల్సిందే, వీల్ చప్పుడు మారిందా అని వినాల్సిందే.