‘శిక్షణ చాలా బాగుంది’ అంటే సరిపోతుందా?

ప్రథమ చికిత్స శిక్షణకు మీరు ఎప్పుడైనా హాజరయ్యారా? అయి ఉంటే చివరి పది నిమిషాలు గుర్తుండే ఉంటాయి. ధ్రువపత్రాలు పంచే ముందు అందరి చేతికీ ఒక అభిప్రాయ పత్రం వస్తుంది. బోధన ఎలా ఉంది, వసతి ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది అని అందులో ప్రశ్నలు. బస్సు వేళ అవుతోందని ‘చాలా బాగుంది’ అన్న గడిలో టిక్కు పెట్టి లేచిపోతాము. ప్రభుత్వ వైద్యునిగా అటువంటి పత్రాలను నేనూ నింపాను; శిక్షణ ఇచ్చిన రోజులలో సేకరించి సంతోషించాను కూడా. ఆ టిక్కు ఒక ప్రాణాన్ని నిలబెట్టగల నైపుణ్యానికి సాక్ష్యమా? ఈ ప్రశ్నకు గత అరవై ఏళ్ల చరిత్ర ఇచ్చిన సమాధానాన్ని మీ ముందుంచుతున్నాను.

ఆగిన గుండెను ఛాతీపై నొక్కుతూ తిరిగి కొట్టుకునేలా చేయవచ్చునని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించారు. నోటితో శ్వాస అందించే పద్ధతిని పీటర్ సఫార్, జేమ్స్ ఎలామ్ అంతకు కొద్దికాలం ముందే నిరూపించారు. ఈ రెండింటి కలయికే నేడు మనం సీపీఆర్ అంటున్న ప్రక్రియ. అయితే దీనిని నేర్పడం ఎలా? కొట్టుకుంటున్న గుండె ఉన్న మనిషిపై అభ్యాసం చేయడం ప్రమాదకరం. నార్వేలో ఆటబొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లార్డల్ ఇందుకోసం నిలువెత్తు బొమ్మను రూపొందించాడు. ‘రెసస్సీ ఆన్’ అనే ఆ బొమ్మతో అంబులెన్స్ సిబ్బందికీ, అగ్నిమాపక దళాలకూ, సామాన్యులకూ శిక్షణ ఇవ్వడం సాధ్యమైంది.

సరిగ్గా అదే కాలంలో, వైద్యంతో సంబంధం లేని మరొక చోట ఇంకొక ఆలోచన పుట్టింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరిశ్రమల పర్యవేక్షకులకు శిక్షణ ఇస్తున్న డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో వ్యాసాలు రాయడం ప్రారంభించి, శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో కొలవాలని ప్రతిపాదించాడు. మొదటి మెట్టు స్పందన: శిక్షణ పొందినవారికి అది నచ్చిందా? రెండవది అభ్యసన: వారు ఏమి నేర్చుకున్నారు? మూడవది ప్రవర్తన: విధులలోకి వెళ్లాక నేర్చుకున్నది ఆచరిస్తున్నారా? నాలుగవది ఫలితం: దాని వలన ఒరిగినది ఏమిటి? సహాయక సిబ్బంది విషయంలో ఈ నాలుగవ మెట్టుకు ఒకటే అర్థం. మనిషి బతికాడా, లేదా?

అభిప్రాయ పత్రాలలో నిజాయతీ ఉండాలంటే పేరు రాయించకూడదని కూడా కిర్క్‌పాట్రిక్ చెప్పాడు. కానీ లోకం ఆయన సిద్ధాంతంలో సులువైన భాగాన్నే పట్టుకుంది. మొదటి మెట్టుకు ఒక కాగితం, పది నిమిషాలు చాలు. మూడవ, నాలుగవ మెట్లకు నెలల తరబడి వెంట నడవాలి. అందుకు డబ్బు, మనుషులు, ఓపిక కావాలి. అందుకే చాలాచోట్ల లెక్కింపు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

అలా ఆగిపోతే ఏమవుతుందో 2005 జనవరిలో తేటతెల్లమైంది. లార్స్ విక్ బృందం స్టాక్‌హోమ్, లండన్, నార్వేలోని ఆకర్స్‌హుస్ ప్రాంతాలలో అంబులెన్స్ సిబ్బంది సీపీఆర్ చేసిన 176 మంది రోగుల వివరాలను ప్రచురించింది. ఛాతీ కదలికను నమోదు చేసే పరికరం ప్రతి నొక్కును కొలిచింది. వారందరూ శిక్షణ పొందినవారే, రోజూ ఆ పనిలో ఉన్నవారే. అయినా గుండె ఆగి ఉన్న సమయంలో 48 శాతం సేపు ఛాతీపై నొక్కడమే జరగలేదు. నాటి ప్రమాణం 38 నుంచి 51 మిల్లీమీటర్ల లోతు కాగా, వారు సగటున నొక్కినది 34 మిల్లీమీటర్లు. తరగతి గదిలో నింపిన ఏ పత్రమూ ఈ సంగతిని చెప్పగలిగేది కాదు. తాను ఆగిపోతున్నానని, తక్కువ లోతున నొక్కుతున్నానని ఆ క్షణంలో ఆ మనిషికే తెలియదు.

అలాగైతే అభిప్రాయ పత్రాలను చించి పారవేయాలా? తొందరపడకండి. 1997లో జార్జ్ ఆలిగర్ బృందం 34 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ‘నచ్చింది’ అన్న మాటకూ, నిజంగా నేర్చుకున్నదానికీ దాదాపు సంబంధం కనిపించలేదు. అయితే ‘ఇది నా పనికి ఉపయోగపడుతుంది’ అన్న అభిప్రాయానికి, ఆ తరువాతి పనితీరుతో కొంత మెరుగైన సంబంధం ఉంది. అంటే మనం అడిగే ప్రశ్న మారితే వచ్చే జవాబు విలువ కూడా మారుతుంది.

ఈ సత్యాన్ని మరొక రంగం ముందే గ్రహించింది. అమెరికా సైన్యం 1970ల నుంచి యుద్ధాభ్యాసం ముగిసిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకుంది: ఏమి జరగాలనుకున్నాము? ఏమి జరిగింది? ఎందుకలా జరిగింది? ఇకపై ఏమి చేయాలి? అక్కడ హోదా పక్కన పెట్టి మాట్లాడాలి. కాలక్రమంలో అడవి మంటలను ఆర్పే దళాలు కూడా ఈ పద్ధతిని స్వీకరించాయి. గమనించండి, ఇక్కడ కూడా అడిగేది పాల్గొన్నవారినే. అయితే అడుగుతున్నది వారి సంతోషం గురించి కాదు, వారి అనుభవం గురించి.

ఎందుకంటే కొన్ని సంగతులు వారికి తప్ప మరెవరికీ తెలియవు. ఇరుకు మెట్ల మీద స్ట్రెచర్ తిరగదని, కదులుతున్న వాహనంలో నిలబడి ఛాతీ నొక్కడం ఎంత కష్టమో, చుట్టూ బంధువులు ఏడుస్తుంటే చేతులు ఎలా వణుకుతాయో ఏ పరికరమూ చెప్పదు. కొలత పరికరం లోపం ఎంత ఉందో చెబుతుంది. ఆ లోపం ఎందుకు వచ్చిందో మనిషే చెప్పాలి.

వైద్యలోకం కూడా ఈ పాఠాన్ని ఆలకించింది. 2003లో వెలువడిన ‘ఉట్‌స్టెయిన్ సూత్రం’ ప్రకారం ప్రాణరక్షణ మూడింటి గుణకారం: వైద్య విజ్ఞానం, శిక్షణ సామర్థ్యం, స్థానికంగా అమలు. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. 2005 చివరిలో సీపీఆర్ మార్గదర్శకాలు మారి, రెండు శ్వాసలకు 15 నొక్కుల స్థానంలో 30 వచ్చాయి. నొక్కడంలో విరామాలు తగ్గించడం అందులోని ఒక ఉద్దేశం. నొక్కిన లోతును అప్పటికప్పుడే చూపే బొమ్మలు కూడా శిక్షణలో చోటు చేసుకున్నాయి.

అదే 2005లో ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ ఆరంభమైంది. నేడు ఆపద వేళ మన చేయి మొదట వెళ్లేది ఆ సంఖ్య మీదికే. వారు వచ్చేలోపు రోగి పక్కన ఉండేది మాత్రం మీరే. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, ఎడతెరిపి లేకుండా నొక్కాలి. ఈ నైపుణ్యం కొద్ది నెలలలోనే సడలిపోతుంది కనుక మళ్లీ మళ్లీ అభ్యాసం అవసరం.

మీ కాలనీలోనో, కార్యాలయంలోనో శిక్షణ ఏర్పాటు చేస్తే అభిప్రాయ పత్రంలో మూడు ప్రశ్నలు చేర్చండి. ఏ పనిని ఒంటరిగా చేయగలనని అనుకుంటున్నారు? ఏ పని దగ్గర మీ చేయి తడబడింది? మీ పనిచోట ఇది చేయడానికి అడ్డం వచ్చేది ఏమిటి? పేర్లు అడగవద్దు. మూడు నెలల తరువాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, బొమ్మ మీద చేయించి చూడండి. ఆ రెండింటి మధ్య తేడా కనిపిస్తే దానిని దాచవద్దు. తదుపరి శిక్షణలో మొదటి పాఠం అదే కావాలి.

నేను సేకరించిన ఆ పాత పత్రాలలో ‘చాలా బాగుంది’ అన్నవే ఎక్కువ. వాటిని రాసినవారిలో ఒక్కరినైనా, మూడు నెలల తరువాత పిలిచి, ‘ఏదీ, ఒకసారి చేసి చూపించు’ అని అడిగి ఉండవలసింది. నేను అడగలేదు. మీరు అడగండి.