వాక్ చికిత్స: చట్టం గీయని సరిహద్దు

మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. అక్కడ తయారైన నిపుణులను నియంత్రించే శాసనం మాత్రం 1992లో గాని రాలేదు. భారత పునరావాస మండలి చట్టం తన నిపుణుల పట్టికలో శ్రవణ, వాక్ చికిత్సకులనే మొదట పేర్కొంది. నమోదు లేనివారు ఆ వృత్తి చేయడాన్ని 13వ సెక్షను నిషేధించింది. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారన్నది వేరే ప్రశ్న.

అసలు లోపం మరోచోట ఉంది. చట్టం వృత్తి పేరు చెప్పింది గాని, ఆ వృత్తివారు ఏయే పనులు చేయవచ్చో చెప్పలేదు. వికలాంగులకు అది తొలుత ఇచ్చిన నిర్వచనంలో చూపు, వినికిడి, కదలిక, బుద్ధిమాంద్యం ఉన్నాయి, మాట లేదు! నేడు అదే చికిత్సకుడు పక్షవాత రోగి మంచం పక్కన నిలిచి, గుక్కెడు నీళ్ళు పొలమారకుండా మింగగలడా అని పరీక్షిస్తున్నాడు. అంచనా తప్పితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఆ పరీక్ష ఎవరి అధికారమో 1992 శాసనంలో వెతికినా దొరకదు.

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులను ఆరోగ్య శాఖ పరిధిలోకి తెచ్చింది. వాక్ చికిత్సకులు సామాజిక న్యాయ శాఖ కింది పునరావాస మండలిలోనే మిగిలారు.