లాగని పదార్థపు బలము



ఇనుమును లాగు సూదంటురాతిని నేను బాలురకు పలుమారులు చూపితిని. నేడు దేనిని లాగని యొక పదార్థపు బలమును గూర్చి మనవి చేసెదను.

1956లో అమెరికాలోని షెనెక్టడీ నగరమున, జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయములో మికిల్‌జాన్, బీన్ అను శాస్త్రజ్ఞులు కోబాల్టు లోహపు సన్నని రేణువులను పరీక్షించిరి. ఇనుముపై త్రుప్పువలె వానిపై ఆక్సైడుపొర యుండెను. అయస్కాంతము చెంత నుంచి, సున్నకు దిగువ 196 డిగ్రీలవఱకు చల్లార్చగా, రేణువుల అయస్కాంతత యొక దిక్కునకు సులభముగాను, ఎదురుదిక్కునకు కష్టముగాను తిరిగెను. సాధారణముగా రెండు దిక్కులును సమములే.

కారణమేమి? సమబలముగల రెండెడ్లు ఎదురెదురుగా లాగినచో త్రాడు కదలదు. బలము మాత్రము లేకపోదు. ఆక్సైడులోని పరమాణువు లట్టివి. ఫ్రాన్సుదేశపు లూయీ నీల్ పండితుడు 1930ల దశాబ్దములోనే ఇట్టి పదార్థముల నూహించి, 1970లో నోబెల్ బహుమానము నందెను. చల్లబడిన ఆ పొర ప్రక్కలోహమును పట్టి నిలుపును. దీనికి ఎక్స్చేంజి బయాస్ అని పేరు. నేను పొరుగుపట్టు అందును.

1990ల దశాబ్దమునుండి కంప్యూటరు డిస్కులపై వ్రాతను చదువు పరికరములలో, ఒక పొరను కదలకుండ నిలుపుట కీ పట్టే తోడ్పడెను. బిస్మతు, ఇనుము, ఆమ్లజని కూడిన యొక ఆక్సైడునందు విద్యుద్ధర్మమును అయస్కాంతధర్మమును కలసి యుండును. 2014లో దానికి వోల్టేజి నిచ్చి, పొరుగు లోహపు అయస్కాంతతను గదివేడిమిలోనే త్రిప్పి చూపిరి. విద్యుత్ప్రవాహముచే వేడి పుట్టించి వ్రాయు వ్యయము తగ్గునను ఆశ కిది మూలము.

రెండు వైపుల కొలతలు సరిపోకున్న, దోషమని త్రోసివేయక కారణము వెదకినందుననే యింత ఫలము కలిగెను.