చేతిపని యను విద్య

నేడు మనము సర్జనని పిలుచుచున్న వైద్యుని పేరు గ్రీకుభాషలో పుట్టినది. ఆ భాషలో ‘ఖైర్’ అనగా చేయి, ‘ఎర్గాన్’ అనగా పని. ఈ రెండును కలిసి ‘ఖైరూర్గోస్’ అయి, లాటినున ‘కిరుర్గియా’ యను విద్యగా మారి, ప్రాచీన ఫ్రెంచివారి నోట అరిగి అరిగి ఇంగ్లీషున ప్రస్తుతరూపమును దాల్చినది. చేతితో పనిచేయువాడని మాత్రమే దాని యర్థము. కత్తి ప్రసక్తి యైనను అందు లేదు.

మందులిచ్చు వైద్యుడు లాటిను గ్రంథములు పఠించి విశ్వవిద్యాలయమున పట్టము వడసినవాడు కాగా, కోత కోయువాడు క్షురకుల నడుమ పనివాడై గురువు కడ ఊడిగము చేసి విద్య నేర్చినవాడగుటచే, మధ్యయుగపు ఐరోపాలో చేతిపని యను మాటలోనే చిన్నచూపు ఇమిడియుండెను. లండనులో ఎనిమిదవ హెన్రీ కాలమున, 1540లో, క్షురకులకును శస్త్రకారులకును ఒకే సంఘము కూర్పబడి, 1745 వరకు ఆ పొత్తు సాగినది. ఫ్రాన్సున రాజులకు చికిత్స చేసిన ఆంబ్రోజ్ పారే అంతటివాడును ఆ క్షురకశ్రేణినుండి వచ్చినవాడే. లాటిను రాదు గనుక తన గ్రంథములను ఫ్రెంచిననే రచించెను. ఇప్పటికిని బ్రిటనులో శస్త్రవైద్యుడు డాక్టరు గాక ‘మిస్టరు’గానే పిలువబడుచున్నాడు. నాటి తక్కువతనమే నేడు వారికి గర్వకారణమైనది. అది వేరు సంగతి.

మనవారి మాట వేరొక దారిని నడచినది. శల్యమనగా ఒడలిలో దిగబడిన బాణపు ములికి. ఆయుర్వేదపు అష్టాంగములలో ఒకటైన శల్యతంత్రమునకు దానినిబట్టియే పేరు వచ్చినది. సుశ్రుతుని వ్యాఖ్యాత యగు డల్హణుడు, ధన్వంతరి యను నామమునకే శల్యశాస్త్రపు ఆవలియొడ్డు చేరినవాడని వ్యుత్పత్తి చెప్పెను. చరకుడు గుల్మమను ఉదరరోగపు చికిత్సలో కోత అవసరమైన చోట, ఇది ధాన్వంతరీయుల, అనగా శస్త్రకారుల, అధికారమని మర్యాదగా తొలగెను. గ్రీకులు చికిత్సకుని చేతిని చూచి పేరుపెట్టగా, మనవారు రోగి దేహమున గుచ్చుకొన్నదానిని చూచి పెట్టిరి. అయినను సుశ్రుతుడు నూటొక్క యంత్రములను లెక్కించి, వానిలో ప్రధానతమమైనది హస్తమే యనుట గ్రీకుపదమునకు వ్యాఖ్యానము వ్రాసినట్లుండును. ఆ హస్తమునకు నేర్పు అబ్బుటకై శిష్యులచేత గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోత అభ్యసింపజేయవలెనని కూడ ఆయన విధించెను.

ఇంత చెప్పిన దేశమునను కత్తి క్రమముగా పండితుని చేయి జారినది. తెలుగు పల్లెలలో గడ్డలు కోసి పుండ్లు కడిగినవారు మంగలివారు. కాన్పులకు పిలుపందుకొన్న మంత్రసానులు పెక్కుచోట్ల వారి యింటి స్త్రీలే. చేతిపనిపై చిన్నచూపు ఐరోపావారి సొత్తు మాత్రమే కాదని దీనివలన తెలియనగును.

అట్లు పనివారి చేతికి జారిన విద్యయే తుదకు ఐరోపాకు చేరినది. మైసూరు యుద్ధకాలమున ఇంగ్లీషు సేనలో ఎడ్లబండి తోలిన కావస్జీ యనువాని ముక్కును టిప్పు సుల్తాను మనుష్యులు కోయగా, పూనా సమీపమున ఇటుకలపని చేయు కులమువాడొకడు నుదుటి చర్మమును మలచి వానికి క్రొత్త ముక్కు కట్టెను. ఈ వృత్తాంతము 1794లో లండను పత్రికయందు ప్రకటితమైనది. జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు ఆ పద్ధతిని శవములపై అభ్యసించి, 1814లో ఒక సైనికాధికారికి ప్రయోగించి, రెండేండ్లకు గ్రంథస్థము చేసెను. అటుపిమ్మట 1818లో బెర్లినున గ్రేఫే యను ఆచార్యుడు అదే విద్యపై గ్రంథము వెలువరించి, దానికి ‘రైనోప్లాస్టిక్’ అని గ్రీకుపేరు పెట్టెను.