ఉగ్రవాద కేసుల్లో చిత్రహింస, విచారణ లేని నిర్బంధం

ఉగ్రవాద నిరోధం పేరుతో అనుమానితులను హింసించి నేరం ఒప్పించడం, కోర్టు విచారణ లేకుండా నిర్బంధించడం సమర్థనీయమా అన్నది నీతిశాస్త్రంలోనూ న్యాయశాస్త్రంలోనూ పాత వివాదం. తెలుగునాట ఈ చర్చ ఎమర్జెన్సీ (1975-77), నక్సలైట్ ఉద్యమ అణచివేత, 2007 నాటి హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు కేసు చుట్టూ సాగింది.

చట్టాలు

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ముందస్తు నిర్బంధానికి మాత్రం అదే అధికరణ ఈ రక్షణల నుంచి మినహాయింపు ఇస్తుంది. 1950 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, 1971 నాటి ఆంతరంగిక భద్రతా చట్టం (మీసా), 1980 నాటి జాతీయ భద్రతా చట్టం ఈ మినహాయింపు మీదే నిలిచాయి. ఎమర్జెన్సీలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమో కాదో కోర్టు తేల్చే రిట్) కూడా అందదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు జడ్జీల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు తప్పని 2017లో పుట్టస్వామి కేసులో అదే కోర్టు ప్రకటించింది.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదన్నది 1872 సాక్ష్య చట్టం నుంచి వస్తున్న నియమం. టాడా (1985-95), పోటా (2002-04) ఉగ్రవాద నిరోధక చట్టాలు దాన్ని సడలించి, ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా అంగీకరించాయి. ఇప్పుడున్న చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో ఆ వెసులుబాటు లేదు. అయితే కోర్టు అనుమతిస్తే ఛార్జిషీటు వేయకుండానే 180 రోజుల దాకా కస్టడీలో ఉంచవచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, 43డి(5) సెక్షన్ కింద బెయిలు రాదు. అమలాపురం వాసి, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా ఈ చట్టం కింద 2014లో అరెస్టయ్యారు. 2017లో యావజ్జీవ శిక్ష పడింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయనను నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

మక్కా మసీదు కేసు

2007 మే 18 శుక్రవారం, ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు మరణించారు. పేలుడు దర్యాప్తు సీబీఐకి వెళ్లినా, హైదరాబాద్ పోలీసులు పాతబస్తీ, పరిసరాల నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను తీసుకెళ్లి, కొందరిపై వేరే కుట్ర కేసులు పెట్టారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ జైల్లో వారితో మాట్లాడి నివేదిక ఇచ్చారు. పట్టుకున్న రోజుకూ అరెస్టు చూపిన రోజుకూ మధ్య తమను స్టేషన్లలో కాకుండా వేరే చోట్ల ఉంచారని, కొట్టి, కరెంటు షాకులు పెట్టారని యువకులు చెప్పిన విషయాలు అందులో నమోదయ్యాయి.

కోర్టులు తర్వాత వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. రాష్ట్ర ప్రభుత్వం జైలుపాలైన వారికి మూడేసి లక్షలు, నిర్బంధించి వదిలేసిన వారికి ఇరవయ్యేసి వేల రూపాయలు పరిహారం ప్రకటించింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం ఇవ్వడం కుదరదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది.

పేలుడు దర్యాప్తు ఈలోగానే హిందూత్వ బృందం వైపు మళ్లింది. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుని, తర్వాత అది ఒత్తిడితో ఇచ్చిన వాంగ్మూలమని వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ప్రత్యేక కోర్టు ఆయనతో సహా అయిదుగురిని నిర్దోషులుగా ప్రకటించింది. ఒకే పేలుడు తర్వాత రెండు వేర్వేరు వర్గాల వారిని పట్టుకున్నారు, బలవంతం చేశారన్న ఆరోపణ రెండుసార్లూ వచ్చింది. మసీదులో చనిపోయిన వారి కుటుంబాలకు మాత్రం దోషి ఎవరో తేలలేదు.

నెల్లూరు ప్రాంతం

నిర్బంధం ఎక్కడ రికార్డుకెక్కుతుందో చూడటానికి నెల్లూరు ఒక ఉదాహరణ. ఇక్కడి కేంద్ర కారాగారం వెంకటాచలం మండలం చెముడుగుంట వద్ద ఉంది. కేంద్ర కారాగారంలోకి కొత్త ఖైదీ వచ్చినప్పుడు రిమాండు వారెంటు చూసుకుని, ఒంటి మీద దెబ్బలుంటే రాసుకుని, డాక్టరుతో పరీక్ష చేయించాలి. ఆ రాత కోర్టులో సాక్ష్యమవుతుంది. అందుకే థర్డ్ డిగ్రీ సాధారణంగా జైలు గేటుకు ఇవతలే, ఏ రిజిస్టరుకూ ఎక్కని గంటల్లోనే జరుగుతుంది. నెల్లూరులో పెరిగిన పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ (1929-2010) జీవితమంతా ఈ గంటల మీదే పోరాడారు. ఆయన ఆత్మకథ పేరు కూడా ‘24 గంటలు’.

ఉగ్రవాద భయం ఈ జిల్లాకు కొత్త కాదు. 2016 సెప్టెంబరు 12న నెల్లూరు కోర్టు ఆవరణలోనే బాంబు పేలింది, ప్రాణనష్టం జరగలేదు. ఆ ఏడాది నవంబరులో ఎన్‌ఐఏ తమిళనాడులో నిందితులను అరెస్టు చేసింది.

నైతిక వాదనలు

చిత్రహింసను సమర్థించేవారు చెప్పేది ఒకే సన్నివేశం: బాంబు పేలబోతోంది, దాన్ని పెట్టినవాడు మన చేతిలో ఉన్నాడు, వాణ్ని కొడితే వందల ప్రాణాలు దక్కుతాయి. ఇందులో మూడు విషయాలు ముందే తెలిసినట్టు అనుకోవాలి: దొరికినవాడు దోషే, వాడికి సమాచారం తెలుసు, దెబ్బలకు చెప్పేది నిజమే. మక్కా మసీదు కేసులో మొదటిదే తేలలేదు. అమెరికా సీఐఏ కఠిన విచారణ పద్ధతులు సమాచారం రాబట్టడంలో ఫలించలేదని 2014లో ఆ దేశ సెనేట్ నిఘా కమిటీ తేల్చింది. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 1999లో అలాంటి పద్ధతులను నిషేధించినా, అత్యవసరంలో హింసించిన అధికారి కేసు నుంచి తప్పించుకునే దారి మిగిల్చింది.

ఫలితంతో నిమిత్తం లేకుండా మనిషిని సాధనంగా వాడుకోవడమే తప్పన్నది కాంట్ సంప్రదాయం వాదన. విచారణ లేని నిర్బంధంపై అభ్యంతరం ఇంకొకటి: చేసిన పనికి కాక, చేస్తాడేమోనన్న అంచనాకు శిక్ష పడుతుంది. భద్రత కోసం తెచ్చిన ఆ పద్ధతి అక్కడే ఆగదు. ఆంధ్రప్రదేశ్ 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్టును రౌడీషీటర్ల నుంచి ఎర్రచందనం స్మగ్లర్ల దాకా ప్రయోగించారు.

ప్రస్తుత స్థితి

డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు అరెస్టు మెమో, దానిపై సాక్షి సంతకం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. 2010లో సెల్వి కేసులో సమ్మతి లేని నార్కో పరీక్షలను నిషేధించింది. 2020లో స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు పెట్టమంది. ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింస నిరోధక బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. ధ్రువీకరించమని 2017లో లా కమిషన్ సిఫారసు చేసింది. రికార్డులు, కెమెరాలు ఉన్నా, చిత్రహింసను ప్రత్యేక నేరంగా గుర్తించే కేంద్ర చట్టం లేదు. అనుమానితుణ్ని స్టేషను బయటే ఉంచి అరెస్టు ఆలస్యంగా చూపితే, ఈ మార్గదర్శకాలు అమలయ్యే అవకాశమే ఉండదు.