ధవళేశ్వరము: ఆనకట్టయు గ్రామమును

గోదావరి యెడమగట్టున, రాజమహేంద్రవరమునకు దక్షిణముగా సుమారు నాలుగు మైళ్ల దూరమున ధవళేశ్వరము గలదు. ఆంధ్రదేశమున నీ పేరు వినని రైతు అరుదు. కాని విన్నంతనే తలపునకు వచ్చునది ఆనకట్టయే గాని గ్రామము గాదు. ఆనకట్ట చరిత్రమును వ్రాసినవారు పెక్కుమంది గలరు. ఆ కట్టడమునకు రాతినిచ్చి, రేవునిచ్చి, పనివారికి నివాసమిచ్చిన యూరి చరిత్రము ఆ పెద్ద చరిత్రమున నొక పంక్తియై యణగిపోయినది. నేడు రాజమహేంద్రవరపు ఇండ్లవరుసలు పెరిగి ధవళేశ్వరమును గలిసికొనినవి. ఊరు పట్టణమున లీనమగుచున్న ఈ కాలమున దానిని ప్రత్యేకముగా గుర్తించుట యవసరమని తోచి యీ వ్యాసము వ్రాయబడినది.

మొదట గ్రామనామమును విచారింతము. ధవళ, ఈశ్వర శబ్దముల కలయికచే నేర్పడిన యీ పేరు శివపరమైనది. ఎదురుగట్టుననున్న విజ్జేశ్వరము పేరును ఈశ్వరాంతమే. అయినను ధవళేశ్వరపు కొండపై వెలసి యూరికంతటికిని ప్రధానదైవమై పూజలందుకొనుచున్నవాడు జనార్దనస్వామి. గౌతమీతీరమున నవజనార్దనములని ప్రసిద్ధికెక్కిన తొమ్మిది క్షేత్రములలో నిది యొకటి. నారదమహర్షి యీ మూర్తిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పును. స్థలపురాణమును చరిత్రముగా గైకొనరాదు. కాని పేరు శైవమై, ప్రధానారాధన వైష్ణవమై యుండుట గమనింపదగినది. రెండు సంప్రదాయములును ఒకే యూర పొత్తుకుదిరి నిలిచినవనుటకు గ్రామనామమే సాక్ష్యము. మాఘమాసమున భీష్మైకాదశినాడు స్వామికి జరుగు ఉత్సవమునకు చుట్టుప్రక్కల గ్రామములవారు వత్తురు. నదియొడ్డున రామపాదాల రేవు గలదు. పండ్రెండేండ్ల కొకసారి వచ్చు పుష్కరములలో నీ రేవునకు స్నానార్థులు తండోపతండములుగా జేరుదురు. కడపటి పుష్కరములు 2015లో జరిగినవి.

ఈ భక్తిజీవనమునకు ప్రక్కనే కఱవు జ్ఞాపకమును గలదు. సముద్రమున కేగునంతటి నీరు కన్నులయెదుటనే పారుచుండగా, గట్టుననున్న పొలములు వానకై యెదురుచూచుచుండెడివి. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందననామ సంవత్సరపు కఱవు ప్రజలను మాడ్చివైచెను. 1839లో తుపాను తీరప్రాంతమును ముంచెను. 1821లో సుమారు 7,38,000గా నుండిన రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి సుమారు 5,61,000కు దిగెను. చావులును వలసలును గలిసి రెండు దశాబ్దములలో నింతటి క్షయమును దెచ్చినవి. ఆనకట్ట యొక యింజనీయరు మనసున బుట్టిన వింత గాదు. ఈ లెక్కలే దానిని కోరినవి.

ఆర్థర్ కాటను 1844, 1845 సంవత్సరములలో తన నివేదికలను సమర్పించెను. 1846 డిసెంబరున అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరమును స్థలముగా నెన్నుకొనుటకు కారణములు స్పష్టములు. నది యిచ్చట మిక్కిలి వెడల్పై లోతు తగ్గియుండును, నడుమ లంకలున్నవి, గట్టుప్రక్కనే కొండలో రాయి యున్నది, ఇచ్చటినుండియే డెల్టాభూమి ప్రారంభమగును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలమీద నాలుగు కట్టలు కట్టి, లంకలతో వానిని గలిపిరి. రాతికట్టడపు మొత్తము పొడవు సుమారు 2¼ మైళ్లు. 1852లో పని ముగిసెను. నడుమ కాటను అస్వస్థుడై సెలవుమీద వెళ్లగా కెప్టెను ఆర్ పనిని నడిపెను. పనివారిని సమకూర్చి నడిపించుటలో వీణెం వీరన్న గారు చేసిన సాయము ఆ యింజనీయర్లచేతనే కొనియాడబడినది.

ఈ యైదేండ్లలో గ్రామము రూపుమారెను. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, రాతిపనివారు ఇచ్చట గుమిగూడిరి. కొండరాతిని నదికి జేర్చుటకై 1845 ప్రాంతముననే యినుపపట్టాలదారి వేయబడెను. బొంబాయి ఠాణాల నడుమ 1853లో ప్రయాణికుల రైలుబండి నడచుటకు పూర్వమే యీ గ్రామస్థులు పట్టాలమీద బండ్లు దొర్లుట జూచిరి. ఆనకట్టకై యేర్పడిన కర్మశాలలు పని ముగిసినపిదప మూతపడలేదు. కాలువలకు వలయు తలుపులు, మరమ్మతులు, పడవపనులు వానిని నిలిపినవి. అంతకుముందు పంటమీదను, రేవుమీదను బ్రదికిన గ్రామమున నెలజీతమునకు పనిచేయు కుటుంబములు స్థిరపడెను. తూర్పుకాలువ యిచ్చటినుండియే బయలుదేరుటచే కాకినాడవైపునకు పడవప్రయాణమును, ధాన్యపు వర్తకమును పెరిగెను.

ఈ మార్పు భాషలోను కానవచ్చును. లాకు, పంటు, లస్కరు మొదలగు మాటలు కాలువగట్లమీదుగా గోదావరి మండలపు వాడుకలో జేరి, తెలుగుమాటలే యన్నంతగా నాటుకొనినవి. తూము, కాలువ, గట్టు, లంక యను ప్రాతమాటలు వానిప్రక్కన చెక్కుచెదరక నిలిచినవి. నిఘంటుకారు లీ యొరపిడిని శ్రద్ధగా బరిశీలింపదగును.

విద్యావిషయమునను ధవళేశ్వరము వెనుకబడలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో నిచ్చటి పాఠశాలకు ప్రధానోపాధ్యాయులై యుండిరి. ఆ యేటనే యిచ్చట బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆ యేటనే ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించిరి. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని జరిగిన ప్రథమ వితంతువివాహమును ఎల్లరు స్మరింతురు. దానికి ఏడేండ్లకు ముందు ఆ సంస్కారబీజము పడిన యుపగ్రామమును స్మరించువారు కొందఱే. కచేరీలును కర్మశాలలును గల గ్రామమున చదువు విలువ నెఱిగిన కుటుంబములు పెక్కు లుండుటచే నా ప్రయత్నము లిచ్చట సాధ్యమైనవని యూహించుట యసంగతము గాదు.

ప్రాత యానకట్ట జీర్ణింపగా 1982లో నూతనమగు బారేజి 175 తలుపులతో జాతికి సమర్పింపబడి కాటను పేర వెలసినది. దానిక్రింద సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి. అయినను నది తన బలమును మఱచిపోలేదు. ఇచ్చటి నీటిమట్టము 11.75 అడుగులకు జేరిన మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు నిత్తురు. 1986 ఆగస్టులో వచ్చిన వఱదలో 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహ మిచ్చట దాటెను. కోనసీమ లంకలవారు ధవళేశ్వరపు కొలబద్ద నడిగి తెలిసికొని సామాను సర్దుకొందురు. ఒక గ్రామముపేరు లక్షలమంది ప్రాణరక్షణకు గుఱుతైయుండుట సామాన్యమగు కీర్తి గాదు.

2011 జనగణనమునాటికే యీ గ్రామ జనసంఖ్య నలువదివేలు దాటెను. పట్టణముతో గలియుటచే పౌరసౌకర్యములు పెరుగవచ్చును. దానిని వలదనుట తగదు. కాని వీథులు గలిసినపుడు జ్ఞాపకములు గలిసిపోవును. కాటనునకు వస్తుప్రదర్శనశాల యున్నది, విగ్రహములున్నవి. రాతిని మోసినవారి వంశములవారు, కర్మశాలలలో తరతరములుగా పనిచేసినవారు చెప్పు వృత్తాంతములకు కాగితమే విగ్రహము. ఆలయశాసనములను, పాఠశాలల ప్రాతపట్టికలను, పడవవాండ్ర మాటలను, రేవుల పేర్లను స్థానిక పండితులు తమ విద్యార్థులచే వ్రాయించి భద్రపఱచినయెడల, ఆనకట్టకు గల చరిత్రమువంటిది గ్రామమునకును సమకూడును. ఈ పని కొండంత ధనమును గోరదు. ముదుసలులు బ్రదికియుండగా దానిని పూనుకొను శ్రద్ధను మాత్రమే కోరును.